గార్సా ఎక్కడ నిలబడాలి

గార్సా బేస్‌బాల్ ఆట మానేశాడా, ఇంకా ఆడుతున్నాడా అన్న సంగతి ఆ ఏడు మా పుయెర్తో కాన్యాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. గార్సాకు అసలే తెలియదు.

అదేమన్నా బ్రహ్మవిద్యా, ఎవరినో ఒకరిని అడిగితే తేలిపోయేది కదా అంటారు మీరు. అడగడమనేది ఆ మనిషి ఒంట్లోనే లేదు. పదిహేడేళ్ళప్పుడు ఆటగాళ్ళ కోసం వెతుక్కుంటూ టోపీ పెట్టుకున్న ఒకాయన జీపులో వచ్చి "బట్టలు సర్దుకో అబ్బాయ్, ఉత్తరాదికి పోవాలి" అంటే సర్దుకున్నాడు. ఏ ఊరు, ఎన్నాళ్ళు, తిండి ఎవరు పెడతారు, ఒక్క ముక్క అడగలేదు. వాళ్ళమ్మే జీపు వెంట పరుగెత్తి అడిగింది. ఆవిడకీ జవాబు రాలేదనుకోండి, అది వేరే సంగతి.

అసలు పేరు రెమిహియో టిబర్ట్. తాత ఆంటిగ్వా దీవి నుంచి చెరకు నరకడానికి తెరచాప పడవలో వచ్చి, తిరుగు పడవ ఎక్కకుండా ఇక్కడే ఉండిపోయాడు. టిబర్ట్ అన్న ఇంటిపేరు అలా వచ్చింది. తండ్రి మిల్లులో చెరకు రసం కాచే చోట పనిచేశాడు. ఈ పిల్లాడికి కాళ్ళు పెరిగినంతగా మిగతా ఒళ్ళు పెరగలేదని మిల్లు వీధి ఆడవాళ్ళు నవ్వేవారు. పాల అట్టపెట్టెను మడిచి గ్లౌవులా చేతికి తొడుక్కుని, మేజోళ్ళు చుట్టి కుట్టిన బంతి కోసం ఆ కాళ్ళేసుకుని పరుగెత్తుతుంటే, చెరకు బండి తోలే ముసలాయన ఒకడు చూసి "గార్సా" అన్నాడు. గార్సా అంటే కొంగ. ఇక ఆ పేరు వదల్లేదు. పెళ్ళినాడు పాద్రీ "రెమిహియో, నీకు సమ్మతమేనా?" అని అడిగితే చర్చిలో సగం మంది ఆ రెమిహియో ఎవరా అని వెనక్కి తిరిగి చూశారు.

ఉత్తరాదిలో, డాలర్లిచ్చే ఆ పెద్ద దేశంలో, చిన్న చిన్న ఊళ్ళ జట్లకు ఆడుతూ బస్సుల్లోనే పెద్దవాడయ్యాడు. ఒక్క సెప్టెంబరు నెల మాత్రం అతన్ని తీసుకెళ్ళి పెద్ద స్టేడియంలో నిలబెట్టారు. అక్కడ మంచి క్యాచ్‌లు పట్టాడు. బ్యాటుతో మాత్రం పెద్దగా ఊడబొడిచింది లేదు. అక్టోబరు రాగానే ఇంటికి పంపేశారు. ఎందుకు పంపారో వాళ్ళు చెప్పలేదు, ఇతను అడిగితే కదా. ఆ తరువాత ఎండాకాలం మెక్సికోలో, చలికాలం మా ఊరి జట్టులో ఆడుతూ వచ్చాడు. చలికాలమంటే మాకు చలి పుట్టేదేమీ ఉండదు లెండి. చెరకు పూతకు వచ్చిందంటే బేస్‌బాల్ మొదలైందని లెక్క. అలా పదిహేను చలికాలాలు మా గ్రౌండులో సెంటర్ ఫీల్డ్ అంటే గార్సా, గార్సా అంటే సెంటర్ ఫీల్డ్.

సెంటర్ ఫీల్డ్‌లో, అంటే మైదానం లోతట్టు నడిమధ్యన, నిలబడేవాడికి ఒక హక్కు ఉంది. బంతి బాగా పైకి లేచినప్పుడు ముగ్గురు నలుగురు దాని కిందికి పరుగెత్తుకొస్తారు. అందరి కళ్ళూ ఆకాశం మీదే ఉంటాయి, పక్కవాడిని ఎవడూ చూడడు. గుద్దుకున్నారంటే పళ్ళు రాలతాయి. అందుకే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. సెంటర్ ఫీల్డ్‌వాడు "నాదే" అని అరిచాడంటే తక్కినవాళ్ళు ఎంతటి మొనగాళ్ళయినా ఆగిపోవాలి, పక్కకు తప్పుకోవాలి. అక్కడ వాదన లేదు, మొహమాటం లేదు. గార్సా మామూలుగా మాట్లాడితే ఎదుటివాడు చెవి ఒగ్గి వినాలి. మైదానంలో "నాదే" అన్నాడంటే మాత్రం రేవులో వలలు బాగుచేసుకునేవాళ్ళు తలెత్తి చూసేవారు. పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషి నోరు చేసుకుని అన్న మాట అదొక్కటేనని వాళ్ళావిడ ఒనీదా అంటుంది. ఆవిడకు మార్కెట్టు వెనక జుట్టు దువ్వే దుకాణం ఉంది. ఊరి మాటలన్నీ ముందు అక్కడికి వచ్చి, తలంటుకుని, ఆ తరువాత బయటికి పోతాయి.

ఇక ఆ ఏటి సంగతి. అక్టోబరులో గార్సా మోకాలు బూరెలా వాచి ఉంది. సాధన మొదలైన రోజున జట్టు మేనేజరు డోన్ ఎవారిస్తో అతన్ని పక్కకు పిలిచాడు. డోన్ అంటే మా వైపు 'గారు' లాంటిది. ఈ డోన్ ఎవారిస్తో ఒకప్పుడు బ్యాటు వెనక కూర్చుని బంతి పట్టే క్యాచరు. బంతులు తగిలి తగిలి వేళ్ళన్నీ వంకరపోయాయి. నోట్లో ఎప్పుడూ పొగాకు ముక్క నానుతుంటుంది.

"ఇదిగో గార్సా, ఈ ఏడు కాస్త ఫస్ట్ బేస్ దగ్గర కోచ్‌గా నిలబడు. మనవాళ్ళు కొట్టి పరుగెత్తుకొస్తుంటే ఆగమనో పొమ్మనో చెప్తుండు. అట్లాగే ఆ కుర్రాళ్ళకి క్యాచ్‌లు పట్టడం నాలుగు ముక్కలు నేర్పు. నీ మోకాలు చూసుకున్నట్టు కూడా ఉంటది."

"అలాగే డోన్."

"ఏమన్నా అడగాలా?"

"ఏం లేదు డోన్."

డోన్ ఎవారిస్తో గండం గడిచినట్టు ఊపిరి వదిలి పొగాకు ఉమ్మేసి వెళ్ళిపోయాడు. చూశారా తమాషా. 'ఈ ఏడు' అంటే ఈ ఒక్క ఏడేనా? 'మోకాలు చూసుకున్నట్టు' అంటే అది బాగయ్యేదాకానా? చొక్కా మీద నంబరు పాతదే ఇచ్చారు. బట్టలు పెట్టుకునే అరా పాతదే. నీ ఆట అయిపోయిందన్న మాట క్లబ్బు ప్రెసిడెంటు ఎప్పుడో చెప్పేసి ఉంటాడని మేనేజరు అనుకున్నాడు. ఆ మాట చెప్పడానికేగా మేనేజరుకు జీతం ఇస్తున్నది అని ప్రెసిడెంటు అనుకున్నాడు. మొగుడికి అంతా తెలుసు, పైకి చెప్పుకోలేక మింగుకుంటున్నాడని ఒనీదా అనుకుంది. ఇంతమంది పెద్దమనుషులు ఇన్ని అనుకున్నారు గానీ ఆ మనిషితో ఒక్కరు నోరు తెరిచి చెప్పిన పాపాన పోలేదు. నాకైతే ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

గార్సా లెక్క గార్సాకు ఉంది. మా ఊళ్ళో ఆటగాడి ఆట అయిపోయిందని చెప్పేది పేపరు కాదు, కుర్చీ. మహాగని చెక్కతో ఊగుడు కుర్చీ చేయించి, మ్యాచ్‌కు ముందు, బ్యాటు పట్టి నిలబడే హోం ప్లేట్ దగ్గర పెడతారు. ఆటగాడు జట్టు బట్టలతో వచ్చి, గ్లౌవు ఒళ్ళో పెట్టుకుని అందులో కూర్చుంటాడు. జట్టువాళ్ళు వరసగా వచ్చి అతని టోపీ అంచు తాకి పోతారు. ఆ తరువాత అతను లేచి, గ్లౌవు కుర్చీ చేతికి తగిలించి, గేలరీలోకి వెళ్ళి పెళ్ళాం పిల్లల పక్కన కూర్చోవాలి. ఆ పూట నుంచి అతను మనలాగా మ్యాచ్ చూసేవాడే. మిల్లు వీధిలో సాయంత్రం పూట చూడండి, అరుగుల మీద ముసలాళ్ళు ఊగుతూ డామినో బిళ్ళలాట ఆడుతుంటారు. ఒక్కో కుర్చీ ఒక్కో ఆటగాడిది. 'నాకు కుర్చీ ఇవ్వలేదు. కుర్చీ ఇవ్వలేదంటే అయిపోలేదు' అనుకున్నాడు గార్సా. అనుకుని, రోజూ గ్లౌవుకు నూనె రాసి గ్రౌండుకు పట్టుకెళ్ళేవాడు. కోచ్‌కు గ్లౌవుతో పనేమిటని ఎవరైనా అడుగుతారేమోనని బెంచీ కింద మూలకు తోసేవాడు. ఎవరూ అడగలేదు. అందరూ చూశారు, అందరూ తల పక్కకు తిప్పుకున్నారు.

అతని చోట్లోకి వచ్చిన కుర్రాడు నేల్కిన్. వెల్లుల్లి పండే కొండల వైపు పిల్లాడు. ఆ వైపు జనం గట్టిగా మాట్లాడరు, గేదెను కూడా మీరు అనే రకం. పరుగు చూస్తే గాలి, చెయ్యి చూస్తే వడిసెల, నోరు చూస్తే శూన్యం. సీజన్ మొదట్లోనే ఒక బంతి అతనికీ, లెఫ్ట్ ఫీల్డ్‌లో ఉండే చీనోకీ మధ్య పైకి లేచింది. ఇద్దరూ దాని కిందికి వచ్చారు. నేల్కిన్ ఆగిపోయి "తీసుకోండన్నా" అన్నాడు. చీనో అప్పటికే అతనికోసం ఆగి ఉన్నాడు. బంతి ఇద్దరి మధ్య గడ్డి మీద పడి కూర్చుంది.

చీనో లావుపాటి మనిషి, నోటికి తాళం లేదు. "ఒరేయ్ కొండబాబూ, ఇదేమన్నా పెళ్ళిభోజనమా, ముందు మీరు కానివ్వండి అంటానికి? 'నాదే' అని అరువు. నీ సొమ్మేం పోద్ది?"

"మీరు పెద్దవాళ్ళు కదన్నా."

"పెద్దాణ్ణే. అందుకే పరుగెత్తలేకపోతున్నా. నువ్వు అరువు, నేను కూర్చుంటా."

గార్సా రోజూ మధ్యాహ్నం ఆ పిల్లాణ్ణి నిలబెట్టి బంతులు పైకి కొట్టేవాడు. "అరువు" అనేవాడు. నేల్కిన్ "నాదేనండీ" అనేవాడు.

"అండీ ఎందుకురా మధ్యలో?"

"అలవాటు అన్నా."

"బంతికి మర్యాద అక్కర్లేదు. మొన్న చీనో నీకోసం ఆగాడు చూడు, నీ గొంతు కోసం ఆగాడు. నువ్వు అరవకపోతే ఎవరు ఎక్కడ నిలబడాలో ఎవరికీ తెలీదు."

ఇంత చక్కగా చెప్పిన మనిషికి తను ఎక్కడ నిలబడాలో తెలియదు. అది చెప్పేటప్పుడు అతనికే నవ్వొచ్చింది. పిల్లాడు బాగా నేర్చుకుంటే సంతోషించాలా, నేర్చుకోకపోతే సంతోషించాలా? మోకాలి వాపు తీసిన నాడు వీడు తన చోటు ఖాళీ చేస్తాడా, లేక తనే పూర్తిగా ఖాళీ చేసేశాడా? నేర్పుతూ నేర్పుతూ మధ్యలో ఆగిపోయేవాడు. నేల్కిన్ ఓపికగా నిలబడేవాడు.

డిసెంబరులో రాజధాని జట్టు మా ఊరికి వచ్చింది. గ్రౌండు కిటకిటలాడిపోతోంది. చివరి ఇన్నింగ్స్, మేము ఒక్క పరుగు వెనక. బేస్‌ల మీద మావాళ్ళు ఇద్దరున్నారు, ఇంకొక్క అవుట్ అయితే ఆట ముగుస్తుంది. బ్యాటు నేల్కిన్ చేతిలో ఉంది. గార్సా ఫస్ట్ బేస్ పక్కన, కోచ్‌కు గీసిన గీతల మధ్య నిలబడి చేతులు తడుతున్నాడు.

నేల్కిన్ కొట్టాడు. బంతి గీత బయటికి, గార్సా వైపు, బాగా పైకి లేచింది. అలాంటప్పుడు కోచ్ చేయాల్సింది ఒక్కటే, అడ్డు తప్పుకోవడం. అవతలి జట్టువాడు పట్టుకుంటే అవుట్. పట్టలేక వదిలేస్తే కొట్టినవాడు ఇంకోసారి కొడతాడు. సముద్రపు గాలి బంతిని అటూ ఇటూ ఆడిస్తోంది, గేలరీలో పడేలాగా కూడా ఉంది. రాజధాని జట్టు ఫస్ట్ బేస్‌వాడు లిబ్రాదో దానికోసం పరుగెత్తుకొస్తున్నాడు. ఈ లిబ్రాదో నిరుడుదాకా మా జట్టులో గార్సాతో కలిసి ఆడినవాడే.

గార్సా తల పైకెత్తాడు. అంతవరకే అతనికి గుర్తుంది.

"నాదే" అన్న కేక రేవుదాకా వినబడింది. లిబ్రాదో ఠక్కున ఆగిపోయాడు, రెండు చేతులూ పైకెత్తి పక్కకు కూడా తప్పుకున్నాడు. గార్సా రెండడుగులు వెనక్కి వేసి ఒట్టి చేతులతో బంతిని ఒడిసి పట్టాడు. పట్టి, అలవాటు ప్రకారం లోపలికి విసిరేశాడు. బంతి విసిరే పిచ్చరు దాన్ని అందుకుని, ఇదెక్కడి నుంచి వచ్చిందిరా అన్నట్టు చూశాడు.

మెయిన్ అంపైర్ నడిచొచ్చి గార్సా మొహంలోకి కాసేపు చూశాడు. ముప్పై ఏళ్ళుగా అంపైరింగ్ చేస్తున్నాడట, ఇలాంటిది ఎన్నడూ చూడలేదట. చివరికి చెయ్యెత్తాడు. కోచ్ అడ్డుపడ్డాడు కాబట్టి కొట్టినవాడు అవుట్. ఆట అయిపోయింది, మేము ఓడిపోయాం. నేల్కిన్ బ్యాటు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. గార్సా తన రెండు చేతులూ వేరెవరివో అయినట్టు చూసుకున్నాడు.

ఆ తరువాత ఊరు ఊరుకుంటుందా? ముసలితనం వచ్చి మతి పోయిందని కొందరన్నారు. రాజధానివాళ్ళు కొనేశారని ఇంకొందరన్నారు, వాళ్ళకు నోరెలా వచ్చిందో. అన్నిటికంటే చెడ్డమాట ఒనీదా దుకాణంలోనే పుట్టింది. జుట్టుకు చుట్లు పెట్టించుకుని కూర్చున్న ఒకావిడ అద్దంలో చూస్తూ "పాపం ఆ కుర్రాడు గెలిపిస్తే వీళ్ళాయన పేరు మాసిపోద్దని భయం కాబోలు" అంది. ఒనీదా ఆవిడ చుట్లన్నీ లాగి పారేసి, తడిజుట్టుతోనే లేపి బయటికి పంపింది.

పంపింది గానీ ఆ మాట ఆవిడ వెంటే ఇంటికి వచ్చింది. మర్నాడు పొద్దున అరటికాయ ఉడికించి మెదిపి మంగూ చేసి, పైన వేయించిన ఉల్లిపాయలు వేసి మొగుడి ముందు పెట్టింది.

"ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. కావాలని చేశావా?"

"తెలీదు."

"తెలీదేంటయ్యా? నోరు నీది, చేతులు నీవి."

"నోరు ముందు లేచింది. చేతులు దాని వెంట పోయినాయి. నన్నెవరూ అడగలేదు." అతను చెంచాతో మంగూను అటూ ఇటూ కదిపాడు. "ఆ పిల్లాడి మీద నాకు కుళ్ళు ఉందేమో, ఉండి నాకు తెలీకుండా చేయించిందేమో. లేదేమో. ఆ రాత్రి నుంచి వెతుకుతున్నా ఒనీదా, దొరకట్లేదు."

ఆవిడ ఎదురుగా కూర్చుంది. "నువ్వింకా ఆటగాడివే అనుకుంటున్నావా?"

"కుర్చీ ఇవ్వలేదు కదా."

అప్పుడు తెలిసింది ఆవిడకు. ఇన్నాళ్ళూ మొగుడు మింగుకుంటున్నాడని అనుకుందే గానీ, మింగడానికి అతని చేతికి ఏమీ ఇవ్వలేదని అనుకోలేదు. "ఓరి దేవుడా, నీకెవరూ చెప్పలేదా? పోయి డోన్ ఎవారిస్తోని అడుగు. నేనేంటి, నా పనేంటి అని మొహం మీద అడుగు."

"అడిగితే చెప్తాడు కదా" అన్నాడు గార్సా.

ఒనీదా లేచి వెళ్ళి వంటింట్లో గిన్నెలు చప్పుడు చేసింది. భార్యగా ఆవిడైనా చెప్పి ఉండొచ్చు. కానీ ఇరవై ఏళ్ళుగా ఈ మనిషి బతుకంతా ఇంకెవరో నిర్ణయిస్తున్నారు, ఆ వరసలో తనూ నిలబడటం ఆవిడకు ఇష్టం లేకపోయింది.

రెండు రోజులకు డోన్ ఎవారిస్తోనే ఇంటికి వచ్చాడు. వచ్చినవాడు మాట చెప్పకుండా మంగూ తిన్నాడు, వేయించిన సలామీ మాంసం తిన్నాడు, కాఫీ తాగాడు, పిల్లి గురించి అడిగాడు.

"ఆదివారం కుర్చీ ఇస్తున్నాం" అన్నాడు చివరికి, పిల్లితో చెప్తున్నట్టు.

"ఎవరికి డోన్?" అన్నాడు గార్సా.

"నీకేనయ్యా."

"అలాగే డోన్."

ఒనీదా ఊరుకోలేదు. "కుర్చీ ఇస్తే కోచ్ పని ఉన్నట్టా, ఊడినట్టా డోన్? కుర్చీ ఎక్కినోళ్ళు గేలరీలోకి పోవాలి. మా ఆయన సోమవారం గ్రౌండుకి రావాలా, ఇంట్లో ఊగుతా కూర్చోవాలా?"

డోన్ ఎవారిస్తో నీళ్ళు నమిలాడు. "అది, క్లబ్బోళ్ళు కొంతమంది కొంచెం కోపంగా ఉన్నారమ్మా. చూద్దాం. కుర్చీ మాత్రం మంచి చెక్క. ఉల్లిపాయలు బాగా వేగినాయి."

అంతకంటే ఏమీ రాలలేదు. గార్సాకు ఇప్పుడు గందరగోళం రెట్టింపయింది. కుర్చీ ఎక్కి కోచ్‌గా ఉన్నవాడు మా ఊళ్ళో ఇంతవరకూ లేడు. ఎక్కితే ఆటగాడు కాడు, సరే. కోచ్ కూడా కాకపోతే మరి అతనెవరు? బేస్‌బాల్ తప్ప అతనికి ఏమీ రాదు. మైదానం లోపల కాకుండా బయట నిలబడి మ్యాచ్ చూసిన రోజు అతని జన్మలో లేదు. అతనికి కావలసింది పెద్దదేమీ కాదు, లోపల ఎక్కడో ఒక చోటు. అది ఉందా లేదా అన్నది ఎవరి నోటి నుంచీ ఊడిపడటం లేదు.

శనివారం సాధనలో నేల్కిన్ గార్సా దగ్గరికి వచ్చాడు. "అన్నా, ఆ రోజు నేనే సరిగ్గా కొట్టలేదు. తప్పు నాది" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఈ మంచితనంతో ఏం చేసుకోవాలో గార్సాకు తెలియలేదు. "బంతులు కొడతా, పోయి నిలబడు" అన్నాడు. ఆ రోజు కూడా పిల్లాడు "నాదేనండీ" అనే అన్నాడు.

ఆదివారం వచ్చింది. మళ్ళీ రాజధాని జట్టే. కుర్చీ నిజంగానే మంచి చెక్క, ఎర్రగా నిగనిగలాడుతోంది. క్లబ్బు ప్రెసిడెంటు మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడాడు గానీ స్పీకరు గురకలో ఎవరికీ ముక్క అర్థం కాలేదు. గార్సా కుర్చీ అంచున కూర్చున్నాడు, గ్లౌవు ఒళ్ళో పెట్టుకున్నాడు, ఊగకుండా రెండు పాదాలూ నేలకు నొక్కిపెట్టాడు. అందరూ వరసగా వచ్చి టోపీ అంచు తాకి వెళ్ళారు. అవతలి జట్టులోంచి లిబ్రాదో కూడా వచ్చాడు.

"ఆ రోజు నేనెందుకు ఆగానో నాకే తెలీట్లేదు గార్సా" అన్నాడు వంగి. "నీ కేక వినబడితే నా కాళ్ళు నా మాట వినలేదు. మావాళ్ళు నన్నింకా వాయిస్తున్నారు."

"నా కాళ్ళు కూడా అంతే" అన్నాడు గార్సా.

డప్పులు మోగాయి. మా తొమ్మిదిమందీ మైదానంలోకి పరుగెత్తారు. గార్సా లేచి నిలబడ్డాడు. గేలరీలో మూడో వరసలో ఒనీదా పక్కన ఒక సీటు ఖాళీగా ఉంది, ఆవిడ దానిమీద చెయ్యి వేసి ఉంది. ఇటు జట్టు కూర్చునే డగౌట్ మెట్ల మీద డోన్ ఎవారిస్తో నిలబడి తన బూట్లు చూసుకుంటున్నాడు. గేలరీలోకి వెళ్తే కోచ్ పని వదులుకున్నట్టు. డగౌట్‌లోకి వెళ్తే రమ్మన్నవాడు లేడు. గార్సా అటు చూశాడు, ఇటు చూశాడు. గ్లౌవు తొడుక్కున్నాడు. పరుగెత్తాడు, పదిహేనేళ్ళుగా డప్పులు మోగగానే ఎటు పరుగెత్తేవాడో అటే.

జనం మొదట గోలగోలగా చప్పట్లు కొట్టారు. వీడ్కోలులో ఇదొక ముచ్చట అనుకున్నారు. గార్సా సెంటర్ ఫీల్డ్‌కు వెళ్ళి, తన పాత చోట, గడ్డి అరిగిన మడమల గుర్తుల మీద నిలబడి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాడు. ఆడటానికి సిద్ధంగా ఉన్నవాడు వంగినట్టే వంగాడు. చప్పట్లు పల్చబడ్డాయి. నేల్కిన్ పరుగెత్తుతూ వచ్చి పది గజాల దూరంలో ఆగిపోయాడు. అంపైర్ వేలితో లెక్కపెట్టాడు, పదిమంది. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. డోన్ ఎవారిస్తో గీతదాకా వచ్చాడు, గీత దాటలేదు. గేలరీలో ఒనీదా లేచి నిలబడింది, రెండు చేతులతో నోరు మూసుకుంది. అంతమందిలో పొమ్మని చెప్పేవాడు ఒక్కడు లేడు. ఆ మాట మొదట్నుంచీ ఎవరి వల్లా కానిదే కదా.

లెఫ్ట్ ఫీల్డ్‌లో చీనో చేతిలో బంతి ఉంది. ఆట మొదలయ్యే ముందు ఒకరికొకరు విసురుకుని చెయ్యి వేడెక్కించుకునే బంతి. అతనికేం తోచిందో, దాన్ని బలంకొద్దీ ఆకాశంలోకి విసిరాడు. ఎవరికని విసిరావని తరువాత అడిగితే "ఏమో, గాల్లో ఏదో ఒకటి ఉండాలి కదా, లేకపోతే అందరం ఏడ్చేవాళ్ళం" అన్నాడు.

బంతి సెంటర్ ఫీల్డ్ నడిమధ్య మీదికి లేచింది. గార్సా తల పైకెత్తాడు, కాళ్ళు కదిలాయి. నేల్కిన్ తల కూడా పైకి లేచింది, అతని కాళ్ళూ కదిలాయి. ఇద్దరూ ఒకే చోటికి వచ్చారు. గార్సా నోరు తెరిచాడు.

"నాదే."

అది గార్సా గొంతు కాదు. అండీ లేదు, అన్నా లేదు. రేవులో ఎవరెవరు తలెత్తి చూశారో నాకు తెలియదు గానీ గేలరీలో ప్రతి ఒక్కరికీ వినబడింది.

గార్సా ఆగిపోయాడు. ఆగి, రెండు చేతులూ కాస్త పైకెత్తి, బంతికి అడ్డం లేకుండా పక్కకు తప్పుకున్నాడు. సెంటర్ ఫీల్డ్‌వాడు అరిచాక ఇంకెవరైనా చేయాల్సింది అదే. జన్మంతా తన కేకకు అందరూ తప్పుకుంటుంటే చూశాడు గానీ, తప్పుకోవడం ఎలా ఉంటుందో అతనికి ఆ రోజే తెలిసింది. నెలల తరువాత, తన తలలో రొద ఆగిపోయినట్టు అనిపించింది. బంతి వచ్చి నేల్కిన్ గ్లౌవులో పడింది.

పిల్లాడి మొహం కందిపోయింది. కళ్ళనిండా నీళ్ళు. "అన్నా, మీరు ఏమీ అనుకో..."

"క్షమాపణ చెప్పకు" అన్నాడు గార్సా. "బాగుంది. ఇంకొంచెం ముందే అరవాలి. నేను దగ్గరికి వచ్చేదాకా ఆగావు."

"సరే అన్నా."

"గాలి సముద్రం మీంచి కొడుతోంది. రెండడుగులు వెనక నిలబడు."

అని వెనక్కి నడిచాడు. పరుగెత్తలేదు, మోకాలు నొప్పిగా ఉంది, దాన్ని దాచుకోవాల్సిన పని ఇప్పుడు లేదు. కుర్చీ దగ్గర ఆగి గ్లౌవు తీసి దాని చేతికి తగిలించాడు. ఒనీదా వైపు చూసి ఉండు అన్నట్టు చెయ్యి చూపించాడు. తిన్నగా డోన్ ఎవారిస్తో ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"ఒకటి అడగాలి డోన్."

డోన్ ఎవారిస్తో దవడ నములుతున్నది నమలడం ఆపింది.

"నా ఆట అయిపోయిందా?"

"అయిపోయింది నాయనా."

"ఎప్పుడు?"

"నిరుడే. చెప్పాల్సింది నేనే. నోరు రాలేదు."

గార్సా తల ఊపాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "సరే. మరి నేనిప్పుడు ఎక్కడ కూర్చోవాలి?"

డోన్ ఎవారిస్తో క్లబ్బు పెద్దలు కూర్చున్న వైపు ఒకసారి చూశాడు. బెంచీ మీద తన పక్కనున్న నీళ్ళ సీసా, తువ్వాలు తీసి కింద పెట్టాడు. "ఇక్కడ. వాళ్ళ సంగతి నేను చూసుకుంటా. నువ్విక్కడ కూర్చో."

గార్సా కూర్చున్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు, ఎవరూ అటు చూడలేదు. అంపైర్ ఆట మొదలుపెట్టమన్నాడు. తువ్వాలు దించి చూస్తే నేల్కిన్ ఇంకా ముందుకే నిలబడి ఉన్నాడు. గార్సా లేచి, డగౌట్ మెట్టెక్కి, ఆ తువ్వాలే వెనక్కి ఊపాడు. సెంటర్ ఫీల్డ్‌లో ఉన్నవాడు చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు.